చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయా?

తోముకునేటప్పుడు రక్తం వస్తోంది, డాక్టరు స్కేలింగ్ (పళ్ళకు పట్టిన గారను గీకి తీయడం) చేయించమన్నాడు, ఇంట్లోవాళ్ళేమో పళ్ళు వదులవుతాయి వద్దంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. వదులు కావు. చేయించుకోండి. జవాబంటే ఇంతే. కానీ వదులవుతాయన్న మాటే నమ్మి నేను రెండేళ్ళు పాడుచేసుకున్నాను కాబట్టి నా కథ కూడా వినాల్సిందే.

నేను ఆర్టీసీ కండక్టర్ని, ఖమ్మం–సత్తుపల్లి రూటు. ఒకరోజు వైరా బస్టాండులో ఉప్పుకారం అద్దిన జామకాయ కొని కొరికాను. కొరికిన చోట తెల్లటి గుజ్జు మీద సన్నగా ఎర్ర గీత. కారమేమో అనుకుని, కారం తగలని రెండో పక్క కొరికాను. అక్కడా అదే గీత. ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ, "వేడి చేసిందిరా, సబ్జా నీళ్ళు తాగు" అంది. మా ఇంట్లో కాలు బెణికినా వేడి చేసిందనే అంటారు.

వారం రోజులు సబ్జా తాగాక ఒక క్లినిక్‌కి వెళ్ళాను. ఆయన టార్చి వేసి అర నిమిషం చూసి ఐదు రోజుల యాంటీబయాటిక్, ఒక గమ్ పెయింట్ రాసిచ్చాడు. వాడినన్నాళ్ళు తగ్గింది, ఆపగానే మళ్ళీ మొదలు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. పళ్ళకు పట్టిన గార అట్లాగే ఉంచి పైన మందు పూయడమంటే చెమ్మ దిగే గోడకు సున్నం కొట్టడమే. మళ్ళీ అడిగితే ఆయనే స్కేలింగ్ అన్నాడు. మా బావమరిది అడ్డం పడ్డాడు, వాళ్ళ ఆఫీసులో ఎవరికో చేయించాక పళ్ళు కదిలాయట. అంతే, మానేశాను. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. రక్తం వస్తోందని ఆ పక్క తోమడమే మానేశాను. అసలు పాచి అక్కడ పేరుకుంది కాబట్టే రక్తం వస్తోంది. మెత్తటి బ్రష్షుతో అక్కడే ఇంకాస్త శ్రద్ధగా తోమాలి.

మా డ్రైవరన్నకైతే ఒక్క చుక్క రక్తం రాదు. రోజుకో పెట్టె సిగరెట్లు కాలుస్తూ "నా చిగుళ్ళు ఇనుమురా" అనేవాడు. పొగ తాగేవాళ్ళకు చిగుళ్ళలో రక్తనాళాలు ముడుచుకుపోయి, లోపల ఎంత పాడైనా రక్తం సరిగ్గా బయటపడదట. ఆ ఇనుములోంచి ఇప్పటికి నాలుగు పళ్ళు ఊడాయి.

చివరికి నన్ను కదిలించింది నొప్పి కాదు. చిగుళ్ళ జబ్బు చాలావరకు నొప్పి లేకుండానే ముదురుతుంది, దాని మోసమంతా అదే. నోటి వాసన భరించలేక మా ఆవిడ దిండు అటువైపు తిప్పుకుంది. అప్పుడు వెళ్ళాను, చిగుళ్ళ స్పెషలిస్టు దగ్గరికి.

ఆ డాక్టరమ్మ గీతలున్న సన్నటి పుల్లలాంటిది తీసి, ఒక్కో పన్ను చుట్టూ ఆరుచోట్ల చిగురు కిందికి దించి కొలిచింది. నేను స్టేజీలు అరిచినట్టే ఆవిడ అంకెలు చెబుతుంటే అసిస్టెంటు రాసుకుంటోంది. "త్రీ, టూ, త్రీ... ఫైవ్, సిక్స్, సెవెన్." మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు. నాలుగు దాటిందంటే చిగురు పన్నును వదిలేసి సంచిలాగా అయిందని అర్థం, బ్రష్షు అక్కడిదాకా పోదు. ఎక్స్‌రేలో కింది ముందుపళ్ళ దగ్గర ఎముక అరిగిపోయి కనిపించింది. తర్వాత గార పెచ్చు ఒకటి ఊడదీసి అద్దం మీద పెట్టి చూపించింది. మా బోరు నీళ్ళు కాచే గిన్నెలో అడుగున పట్టే పొర లేదూ, అచ్చం అదే, కాకపోతే నల్లగా ఉంది.

పళ్ళు వదులవుతాయి కదా మేడం అంటే, "అవి ఎప్పుడో వదులయ్యాయి, ఇన్నాళ్ళూ గార అతికించి ఉంచింది" అంది. మా బావమరిదికి ఈ మాట మూడుసార్లు చెప్పాను, ఇంకా ఒప్పుకోడు.

ఆవిడ చేసిన అసలు మేలు వేరే ఉంది. పని మొదలుపెట్టకముందే షుగర్ టెస్టుకు పంపింది. పరగడుపున 212! నలభై నాలుగేళ్ళకు, ఒక్క లక్షణమూ తెలియకుండా. షుగర్ ఉంటే చిగుళ్ళు త్వరగా పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ ఓ పట్టాన దిగదు. అందుకే నన్నడిగితే, నలభై దాటి చిగుళ్ళు కారుతున్న ప్రతివాళ్ళూ పేస్టు మార్చడం ఆపి ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. టీవీలో లవంగం, ఉప్పు, బొగ్గు అని రోజుకో పేస్టు దింపుతారే, వాటిలో ఒక్కటి కూడా గారను కరిగించదు. రాయిలాగా గట్టిపడ్డాక దాన్ని గీకి తీయాల్సిందే. మా నాయనమ్మ నస్యంతో తోమేది, అది ఇంకో దరిద్రం. పొగాకు కలిపిన పళ్ళపొడుల్ని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది, డబ్బీలో నస్యాన్ని ఎవరు ఆపుతారు?

మత్తు ఇచ్చి నాలుగు సిట్టింగుల్లో చిగురు కింద దాకా శుభ్రం చేశారు. రెండు చోట్ల చిగురు తెరిచి ఫ్లాప్ సర్జరీ చేశారు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాలే వాడమంటే, మంచిదే కదా అని రెండు నెలలు పుక్కిలించాను. పళ్ళు టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి, మళ్ళీ పాలిష్ ఖర్చు. డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. లైను ఉంటుంది, ఓపిక పట్టాలి.

ఇప్పుడు తెల్లవారుజామున డ్యూటీ ఉన్నా సరే, రాత్రి తోమకుండా పడుకోను. బ్రష్షును చిగురు అంచుకు వాలుగా పెట్టి, పళ్ళ సందుల్లో సీసాలు కడిగే బ్రష్షుకు చిన్న తమ్ముడిలాంటిది ఆడిస్తాను. ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలనుకునేరు, నాలాంటివాళ్ళు మూడు నెలలకోసారి వెళ్ళాలి.

రక్తం ఆగింది, వాసన పోయింది, మా ఆవిడ దిండు ఇటు తిరిగింది. అరిగిన ఎముక మాత్రం తిరిగి రాలేదు. వాపు తగ్గి చిగురు కిందికి దిగేసరికి ముందుపళ్ళ మధ్య సందు తేలింది. బస్సు గుమ్మంలో నిలబడి "సత్తుపల్లి, సత్తుపల్లి" అని అరిస్తే పేరుకంటే ముందు ఈల బయటికొస్తోంది.