పొగ ఆరితే నిప్పు ఆరినట్టేనా?

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. 1968లో నెల్లూరు నుంచి కోడలిగా మద్రాసు వచ్చి, అప్పటినుంచి పశ్చిమ మాంబళంలోనే ఉన్నారు. మూడేళ్ళుగా అల్జీమర్స్. నన్ను పోల్చుకోలేక, తనను పెంచిన మేనత్త అనుకొని "అత్తా" అని పిలుస్తున్నారు. యాభై ఏళ్ళు ధారాళంగా మాట్లాడిన తమిళం పోయి, చిన్ననాటి తెలుగు మిగిలింది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు మాత్రం చుక్క తప్పకుండా వేస్తారు. ఆదివారాలు వచ్చి చూసి వెళ్ళే మా తమ్ముడు "అమ్మ ఎప్పుడో వెళ్ళిపోయింది, ఇక్కడున్నది శరీరమే" అంటాడు. జ్ఞాపకాలే మనిషి అయితే వాడన్నది నిజమే కదా? అసలు ఆత్మలో ఏముంటుంది? ఆమె "అత్తా" అన్నప్పుడు సరిదిద్దాలా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీ తమ్ముడి మాట దుఃఖంలో వచ్చినదే అయినా, తత్త్వశాస్త్రంలో దానికి పెద్ద వంశమే ఉంది. ఒక మనిషి నిన్నటి మనిషే అనడానికి దేహం గాని, ఆత్మద్రవ్యం గాని చాలదనీ, నిన్న చేసినదాన్ని నేడు తనదిగా ఎరిగే స్పృహ ఉండాలనీ ఇంగ్లండుకు చెందిన జాన్ లాక్ 1694లో వెలువడిన తన గ్రంథం రెండవ ముద్రణలో వాదించాడు. దానిపై స్కాట్లండు తత్త్వవేత్త థామస్ రీడ్ 1785లో తెలిపిన ఆక్షేపణను మీ ఇంటికి అన్వయించి చూడండి. నలభైయో ఏట మీ అమ్మగారికి బడి గుర్తుంది. అరవైయో ఏట ఆ నలభైయో ఏడు గుర్తుంది గాని బడి గుర్తులేదనుకుందాం. అప్పుడు లాక్ లెక్కన అరవై ఏళ్ళావిడ నలభై ఏళ్ళావిడే, నలభై ఏళ్ళావిడ బడిపిల్లే, అయినా అరవై ఏళ్ళావిడ మాత్రం బడిపిల్ల కాదని ఒప్పుకోవలసి వస్తుంది. (మీ ఇంట్లో ఇదీ తలకిందులై, బడిపిల్ల మిగిలి నడుమ యాభై ఏళ్ళు పోయాయి.) ఇటువంటి కొలబద్దతో ఒక మనిషి ఉన్నదీ లేనిదీ తేల్చడం నాకు సమ్మతం కాదు.

మన శాస్త్రకారులు జ్ఞాపకాన్ని మరోచోట నిలబెట్టారు. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలోని "అనుస్మృతేశ్చ" అనే సూత్రానికి భాష్యం రాస్తూ శంకరులు, సర్వం క్షణికమనే బౌద్ధమతాన్ని ఖండించడానికి, నిన్న చూసినవాడూ నేడు తలచుకొనేవాడూ ఒక్కడే కాకపోతే స్మృతి కుదరదని అంటారు. ఇక్కడ స్మృతి ఆత్మను కూర్చిన సరుకు కాదు, ఆత్మ నిలకడకు ఆనవాలు. కొండమీద పొగ కనిపిస్తే నిప్పుందంటాం. అంతమాత్రాన, పొగ లేదు గనుక నిప్పు లేదనలేం. నైయాయికులు, అంటే న్యాయదర్శనం చెప్పే తార్కికులు, ఇందుకు ఎర్రగా కాలిన ఇనుపగుండును చూపుతారు: అందులో నిప్పుంది, పొగ లేదు.

ఆత్మలో ఏముంటుందన్న ప్రశ్నకు మాత్రం మన దర్శనాలు ఒక్క మాట చెప్పవు. అనుభవం వదిలిన సంస్కారం, అంటే దాని ముద్ర, ఆత్మలోనే నిలుస్తుందని న్యాయవైశేషికులు అంటే, అద్వైతులు ఆ సరుకంతటినీ అంతఃకరణానికి, అంటే మనసుకు, అప్పగించి ఆత్మను అన్నిటినీ చూసే సాక్షిగా మాత్రమే ఉంచుతారు. గాఢనిద్రలో ఎవరికీ పేరూ ఊరూ తెలియకపోయినా, లేచి "హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అనేవాడు ఒకడున్నాడు కదా అన్నది వారి యుక్తి. నా మొగ్గు వారివైపే. అయితే ఇందులో ఒక చిక్కును మీ దగ్గర దాచడం న్యాయం కాదు: ఏ జ్ఞాపకమూ అంటని ఆ సాక్షి మీ అమ్మగారిలోనూ నాలోనూ ఒక్కటే. మీరు వెతుకుతున్నది ఆ సాక్షిని కాదు, మీ అమ్మను.

ఆ అమ్మను ముగ్గులో చూడమంటాను. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛవ్యాధి తగ్గించడానికి 1953లో చేసిన శస్త్రచికిత్సలో, మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగాన్ని రెండువైపులా చాలావరకు తొలగించారు. 2008లో మరణించేదాకా, కొత్తగా జరిగిన సంగతులు ఆయన మనసులో దాదాపు నిలవనే లేదు. అయినా, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మను దిద్దే పనిని శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయనచేత చేయించినప్పుడు, ముందు చేసిన గుర్తే లేకుండా రోజురోజుకూ మెరుగ్గా దిద్దారు. పేర్లనూ సంగతులనూ దాచే జ్ఞాపకం వేరనీ, చేతికి పట్టుబడిన జ్ఞాపకం వేరనీ దానితో తేలింది. అల్జీమర్స్ సాధారణంగా ముందు మొదటిదాన్ని తింటుంది. రెండవది చాలాకాలం నిలుస్తుంది. తరువాత నేర్చిన భాష జారిపోయి తల్లిభాష మిగలడం కూడా ఈ వ్యాధిలో వింత కాదు.

ఇక "అత్తా" అన్న పిలుపును సరిదిద్దకండి. "నేనెవరో చెప్పు" అని పరీక్షించడం ఆమెను బెదరగొట్టడం తప్ప మరెందుకూ పనికిరాదు. తనను పెంచిన మనిషి స్థానంలో ఆమె మిమ్మల్ని నిలబెట్టుకున్నారంటే, పేరు పోయినా మీ దగ్గర దొరికే భరోసా ఆమెకు తెలుస్తోందనే నేను అనుకుంటాను. ఆ పిలుపుకు పలకండి. రేపు ముగ్గు వేళకు పిండిగిన్నె పట్టుకొని పక్కన కూర్చొని, ఎన్ని చుక్కలు పెట్టాలో ఆమెనే అడగండి. మీ తమ్ముడు ఆదివారం ఎన్ని గంటలకు వస్తాడో మీరు రాయలేదు. ఈసారి తెల్లవారేసరికి రమ్మనండి.