కళ్లజోడు నెత్తిన పెట్టుకొని ఇల్లంతా వెతుకుతున్నాను... ఇది మతిమరుపు జబ్బా?

ప్రశ్న: నా వయసు 54. కావలిలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచర్‌ను. మధుమేహానికి ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. కళ్లజోడు నెత్తిన పెట్టుకొని వెతకడం, పాల ప్యాకెట్ బీరువాలో పెట్టడం ఈ మధ్య ఎక్కువైంది. మొన్న ఫోన్ అనుకొని టీవీ రిమోట్‌ను సంచిలో వేసుకొని నెల్లూరు బస్సెక్కాను. ఇంటికొచ్చి చెబితే నేనూ మా కోడలూ పడీపడీ నవ్వుకున్నాం. మా అక్క మాత్రం ‘ఇది నవ్వులాట కాదు, అమ్మకు ఇలాగే మొదలైంది’ అంటోంది. రెండుసార్లు స్టవ్ మీద పాలు మాడిపోయాయి కూడా. రాత్రి పన్నెండు దాటితే గానీ పడుకోను, ఐదింటికే లేస్తాను. నేను నవ్వుకోవడం తప్పా?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తప్పు కాదు. నిజానికి మీ ఉత్తరంలో నాకు ధైర్యం కలిగించిన విషయం ఆ నవ్వే. సంచిలోంచి రిమోట్ తీయగానే జరిగిన పొరపాటు మీకు తెలిసిపోయింది, ఆ సంగతిని సాయంత్రం కోడలికి పూసగుచ్చినట్టు చెప్పగలిగారు. అల్జీమర్స్ వంటి జబ్బుల్లో క్రమంగా సన్నగిల్లేది ఈ ఎరుకే. అక్కడ చాలాసార్లు రోగి తనకేమీ లేదంటుంటే ఇంటివారే కంగారుపడి వైద్యుడి దగ్గరికి తీసుకువస్తారు. తొలిదశలో కొందరికి తమ మరుపు తెలుస్తూనే ఉంటుంది కాబట్టి నవ్వు ఒక్కటే చూసి జబ్బు లేదని తేల్చలేం గానీ, మీరు రాసినవి ఎక్కువగా ధ్యాస తప్పడం వల్ల జరిగిన పొరపాట్లుగానే కనిపిస్తున్నాయి.

చేతికి బాగా అలవాటైన పనులను మనం పెద్దగా గమనించకుండానే చేసేస్తాం. కళ్లజోడు నెత్తికెక్కించే క్షణంలో మీ మనసు దిద్దాల్సిన పరీక్ష పేపర్ల మీద ఉంటే, దాన్ని ఎక్కడ పెట్టారన్నది జ్ఞాపకంలోకి సరిగా ఎక్కనే ఎక్కదు. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెతకడం గురించి మన పెద్దలు సామెతే కట్టారు.

అయితే ఇవి ఈ మధ్యే ఎక్కువయ్యాయన్నారు గనుక కారణం చూడాలి. మొదటిది నిద్ర. ఐదు గంటలు కూడా లేని నిద్రతో రోజంతా పాఠాలు చెప్పే మనిషికి ధ్యాస నిలవడం కష్టం. రెండవది మెట్‌ఫార్మిన్. దీన్ని ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బి12 తగ్గుతుంది; శాకాహారులకు, ఎసిడిటీ మాత్రలు ఎక్కువ కాలం వాడేవారికి ఆ అవకాశం మరింత ఎక్కువ. బి12 లోపం, థైరాయిడ్ మందగించడం రెండూ మరుపును తెచ్చిపెడతాయి, రెండింటికీ చికిత్స ఉంది. రక్తపరీక్షతో తెలిసిపోతాయి కాబట్టి ఈ వారంలోనే చేయించుకోండి. నెలసరి ఆగే వయసులో వచ్చే మార్పులు, మనసులోని దిగులు, జలుబుకు వాడే మగత మాత్రలు కూడా ఇలా చేయగలవు.

మాడిన పాలను మాత్రం నవ్వి వదిలేయకండి. పొయ్యి వెలిగించగానే అలారం పెట్టుకోండి, అది మోగే దాకా వంటగది దాటకండి. షుగర్ మాత్ర వేసుకున్నానో లేదోనన్న అనుమానంతో రెండోసారి వేసుకోవడం ప్రమాదం. వారానికి సరిపడా గదులుండే మాత్రల డబ్బా కొనుక్కోండి.

మీ అక్కగారి భయాన్ని కూడా నేను కొట్టిపారేయను. తల్లికి ఆ జబ్బు ఉంటే పిల్లలకు అవకాశం కొంత పెరుగుతుంది, అంతమాత్రాన వచ్చితీరుతుందని కాదు. రోజూ వెళ్లే బడికి దారి తప్పడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, ఇతరులు గుర్తుచేసినా జరిగిన సంగతి అసలు జ్ఞాపకం రాకపోవడం, లెక్కల టీచరైన మీకే కిరాణా చిల్లర లెక్క తేలకపోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా నరాల వైద్య నిపుణుణ్ణి కలవండి. వెళ్లేటప్పుడు మీ కోడలిని వెంట తీసుకెళ్లండి, మీరు గమనించనివి ఆమె చెప్పగలదు. ఈలోగా మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. బి12 తక్కువగా ఉన్నట్టు తేలితే దాన్ని భర్తీ చేస్తూనే షుగర్ మందు కొనసాగించవచ్చు.