లైబ్రరీ డేటాబేసుల్లో వెతకడం: అమెరికాకి కొత్తగా వచ్చిన విద్యార్థులకి

ఫాల్‌లో చేరిన పిల్లలకి అక్టోబరు వచ్చేసరికి మొదటి టర్మ్ పేపర్ వచ్చి పడుతుంది. గూగుల్‌లో వెతికితే కావలసిన వ్యాసం కనిపిస్తుంది, తెరవబోతే ముప్పై నలభై డాలర్లు కట్టమంటుంది. దయచేసి కట్టకండి. ఆ పత్రికకి మీ యూనివర్సిటీ లైబ్రరీ చాలావరకు ముందే చందా కట్టి ఉంటుంది. కట్టకపోయినా తెప్పించి ఇచ్చే ఏర్పాటు ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

ముందు ఎక్కడ వెతకాలో తేల్చుకోండి. లైబ్రరీ సైట్‌లో ‘ఏ టు జెడ్ డేటాబేసెస్’ అనే పేజీలో వ్యాసాలు వెతుక్కునే డేటాబేసుల జాబితా ఉంటుంది. కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకి ఐట్రిపుల్‌ఈ ఎక్స్‌ప్లోర్, ఏసీఎం డిజిటల్ లైబ్రరీ. ఫార్మసీ, పబ్లిక్ హెల్త్ వాళ్లకి పబ్‌మెడ్. దీనికి లాగిన్ కూడా అక్కర్లేదు. బిజినెస్ వాళ్లకి ఎబ్‌స్కో వారి బిజినెస్ సోర్స్, ప్రోక్వెస్ట్ వారి ఏబీఐ ఇన్‌ఫార్మ్. చరిత్ర, సాహిత్యం అయితే జేస్టోర్. అయితే జేస్టోర్‌లో చాలా పత్రికల తాజా సంచికలు కొన్నేళ్లు ఆగి గానీ చేరవు. గత రెండు మూడేళ్ల వ్యాసాలు అక్కడ దొరకలేదంటే అవి లేవని అర్థం కాదు.

ఇక వెతికే పద్ధతి. గూగుల్ మీరు వాక్యం రాసినా భావం ఊహించి ఏదో ఒకటి చూపిస్తుంది. డేటాబేసుల్లో చాలావాటికి ఆ ఊహ తక్కువ. మీరిచ్చిన మాటలు శీర్షికలోనో, సారాంశంలోనో, సబ్జెక్ట్ వరుసలోనో ఉన్నాయా లేదా అన్నదే చూస్తాయి. అందుకే ప్రశ్నను ప్రశ్నలాగా టైప్ చేయకండి, ముక్కలు చేయండి.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. అంశం: అమెరికాలో ఉంటున్న మనవాళ్ల ఆహారం, దానికీ టైప్ 2 డయాబెటిస్‌కీ ఉన్న సంబంధం. ఇందులో ముక్కలు మూడు: మనుషులు, జబ్బు, ఆహారం. ఒక్కో ముక్కకీ వ్యాసాలు రాసేవాళ్లు ఏయే మాటలు వాడతారో కాగితం మీద రాసుకోండి. ఒక ముక్కలోని మాటల మధ్య ‘ఆర్’, ముక్కకీ ముక్కకీ మధ్య ‘ఆండ్’. అప్పుడు ఇలా వస్తుంది:

("సౌత్ ఏషియన్" ఆర్ "సౌత్ ఏషియన్స్" ఆర్ "ఏషియన్ ఇండియన్" ఆర్ "ఏషియన్ ఇండియన్స్") ఆండ్ (డయాబెటిస్ ఆర్ ప్రీడయాబెటిస్) ఆండ్ (డైట్ ఆర్ డైటరీ ఆర్ ఫుడ్)

టైప్ చేసేది ఇంగ్లీషులోనే. ఆండ్, ఆర్, నాట్ మూడింటినీ పెద్ద అక్షరాల్లో కొట్టండి. పబ్‌మెడ్, జేస్టోర్ అలాగే కోరుకుంటాయి, మిగతా చోట్ల అలా కొట్టినా నష్టం లేదు. బ్రాకెట్లు మాత్రం మరిచిపోవద్దు. అవి లేకపోతే ‘ఆర్’ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో డేటాబేస్ తన లెక్కన తేల్చుకుంటుంది, మనుషుల ముక్క తెగిపోయి ప్రపంచంలోని ఆహారం వ్యాసాలన్నీ వచ్చి పడతాయి.

ఇందులో ‘ఇండియన్’ అని ఒంటరిగా ఎందుకు లేదో గమనించారా? అమెరికాలో ఆ మాటకి చాలా చోట్ల స్థానిక ఆదివాసులు అనే అర్థం. వాళ్లలోనూ డయాబెటిస్ మీద పరిశోధన చాలా ఉంది, అదంతా మీ ఫలితాల్లో కలిసిపోతుంది. అమెరికా జనాభా లెక్కల్లో మనకి పెట్టిన పేరు ‘ఏషియన్ ఇండియన్’. లైబ్రరీ పుస్తకాల కేటలాగుల్లో అయితే మన ప్రవాసులని ‘ఈస్ట్ ఇండియన్ అమెరికన్స్’ అనే సబ్జెక్ట్ కింద పెడుతూ వచ్చారు. మనం ఎవరమూ అలా అనుకోం, కానీ ఆ మాట వాడితేనే ఆ అర దొరుకుతుంది. ఏ డేటాబేస్‌లోనైనా పనికొచ్చే వ్యాసం ఒక్కటి దొరకగానే దాని రికార్డు తెరిచి ‘సబ్జెక్ట్స్’ వరుస చదవండి. అక్కడి మాటలే మీ తర్వాతి వెతుకులాటకి తాళాలు.

పబ్‌మెడ్‌లో ఈ సబ్జెక్ట్ మాటలని మెష్ అంటారు. ‘హార్ట్ అటాక్’ అని కొడితే అదే ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అనే మెష్ మాటని కూడా కలిపి వెతుకుతుంది. కానీ కోట్స్ పెట్టినా, నక్షత్రం గుర్తు పెట్టినా ఈ సాయం ఆగిపోతుంది. అసలేం వెతికిందో అడ్వాన్స్‌డ్ పేజీ కింద హిస్టరీలో, డీటెయిల్స్ నొక్కితే కనిపిస్తుంది. ఫలితాలు వింతగా ఉన్నప్పుడల్లా అక్కడ చూడండి, కారణం తొంభై పాళ్లు అక్కడే బయటపడుతుంది.

నక్షత్రం గుర్తు సంగతి కూడా చెప్పాలి. ‘ఇమిగ్ర’ వరకు కొట్టి * పెడితే ఇమిగ్రెంట్, ఇమిగ్రెంట్స్, ఇమిగ్రేషన్ అన్నీ వస్తాయి. మంచిదే. అదే ‘డైట్’ పక్కన పెడితే డైటరీతోపాటు డైఈథైల్ అనే రసాయనాలన్నీ దిగుతాయి, ఎందుకంటే ఇంగ్లీషులో వాటికీ మొదటి నాలుగు అక్షరాలూ అవే. పొట్టి మాటలకి నక్షత్రం వద్దు, రూపాలన్నీ ‘ఆర్’తో రాసుకోవడమే మేలు. ‘నాట్’ విషయంలో ఇంకా జాగ్రత్త. హైదరాబాద్ గురించి వెతుకుతూ సింధ్‌లోని హైదరాబాద్ అడ్డొస్తోందని ‘నాట్ పాకిస్తాన్’ అంటే, మన హైదరాబాద్ గురించి రాస్తూ ఒక్క వాక్యంలో పాకిస్తాన్ పేరెత్తిన వ్యాసం కూడా పోతుంది. దానికి బదులు తెలంగాణ, దక్కన్, ఆంధ్ర లాంటి మాటలు ‘ఆండ్’తో చేర్చండి.

రెండు మాటలు దగ్గర దగ్గరగా, అంటే ఐదు మాటల దూరంలోపు ఉండాలంటే ఎబ్‌స్కోలో మధ్యన ఎన్5, ప్రోక్వెస్ట్‌లోనూ వెబ్ ఆఫ్ సైన్స్‌లోనూ నియర్/5, స్కోపస్‌లో డబ్ల్యూ/5. ఒక చోటి గుర్తు ఇంకో చోట పనిచేయదు.

ఫలితాలు వేలల్లో వస్తే మాటల్ని శీర్షిక, సారాంశాలకే పరిమితం చేయండి. పది కూడా రాకపోతే ఒక ముక్క తీసేయండి. మంచి వ్యాసం చేతికొచ్చాక ఇక మాటలతో పెద్ద పని లేదు. దాని చివరి రెఫరెన్సులు వెనక్కి తీసుకెళ్తాయి, గూగుల్ స్కాలర్‌లోని ‘సైటెడ్ బై’ ముందుకు తీసుకెళ్తుంది. పై ఉదాహరణలో మసాలా అనే అధ్యయనం ఎదురవుతుంది. 2010-13 మధ్య శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతాల్లో 906 మంది దక్షిణాసియా వాళ్లని చేర్చుకుని మొదలుపెట్టినది. ఆ పేరు పట్టుకుంటే ఆహారం, డయాబెటిస్, గుండె జబ్బుల మీద వ్యాసాలు వరుసగా దొరుకుతాయి. గూగుల్ స్కాలర్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ‘లైబ్రరీ లింక్స్’కి వెళ్లి మీ యూనివర్సిటీ పేరు చేర్చుకోండి. చందా ఉన్న వ్యాసాల పక్కన మీ లైబ్రరీ లింకు కనిపిస్తుంది.

చాలామంది దెబ్బతినేది ‘ఫుల్ టెక్స్ట్’ టిక్కు దగ్గర. అది పెడితే ఆ డేటాబేస్‌లోనే పూర్తి పాఠం ఉన్నవే మిగులుతాయి. మీ లైబ్రరీ వేరే చోట కొన్నవి కూడా మాయమవుతాయి. టిక్కు తీసేయండి, వ్యాసం పక్కనున్న ‘ఫైండ్ ఇట్’ లాంటి బటన్ నొక్కండి. అక్కడా లేకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ ఫారం వస్తుంది, వివరాలు చాలావరకు అదే నింపుకుంటుంది. వేరే యూనివర్సిటీ నుంచి పీడీఎఫ్ మీ అకౌంట్‌కి వస్తుంది. విద్యార్థులకి సాధారణంగా ఉచితమే. కొన్ని రోజులు పడుతుంది కాబట్టి పేపర్ ఇవ్వాల్సిన ముందు రాత్రి కాదు, అంశం ఖాయమైన వారంలోనే అడగండి.

వ్యాసాన్ని దాచుకునేటప్పుడు పైన అడ్రస్ బార్‌లో ఉన్నది కాపీ చేయకండి. అది చాలాసార్లు ఆ సెషన్‌తో పోతుంది. ‘పర్మాలింక్’ (మారని లింకు) గానీ, డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) గానీ తీసుకోండి. ఇంకో మాట, ఇది గట్టిగానే చెబుతున్నాను: స్క్రిప్ట్ రాసి వందల పీడీఎఫ్‌లు ఒకేసారి దింపకండి. లైసెన్సు ఒప్పందానికి అది విరుద్ధం, ప్రచురణకర్తలు క్యాంపస్ మొత్తానికి దారి మూసేయగలరు, విచారణ మీ లాగిన్ దగ్గరికే వస్తుంది. డేటా మైనింగ్ కావాలంటే లైబ్రేరియన్‌ని అడగండి, దానికి వేరే అనుమతులుంటాయి.

అసలు లైబ్రేరియన్‌ని అడగడానికి మనవాళ్లు ఎందుకో మొహమాటపడతారు. దాదాపు ప్రతి డిపార్ట్‌మెంటుకీ ఒక సబ్జెక్ట్ లైబ్రేరియన్ ఉంటారు, అపాయింట్‌మెంట్ తీసుకుంటే కూర్చుని మీ అంశానికి మాటలు వెతికి పెడతారు. అది వాళ్ల ఉద్యోగంలో భాగం, మీరు వాళ్లకి చేస్తున్న ఇబ్బందేమీ లేదు.

తెలుగు పుస్తకాలు కావలసినవాళ్లకి కాస్త వివరంగా. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం పెట్టి, పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద భారత్‌కి అమ్మిన గోధుమల తాలూకు రూపాయలతో భారతీయ భాషల పుస్తకాలు కొని ఇక్కడి యూనివర్సిటీలకి పంపింది. చికాగో, మాడిసన్, బర్క్‌లీ లాంటి చోట్ల ఇంత తెలుగు ఉండటానికి ముఖ్య కారణం అదే. లైబ్రరీల ఉమ్మడి కేటలాగు అయిన వరల్డ్‌క్యాట్‌లో వెతికితే ఏ లైబ్రరీలో ఏముందో తెలుస్తుంది. కానీ పాత రికార్డుల్లో చాలావాటికి తెలుగు లిపి ఉండదు, రోమన్ అక్షరాలే. ఆ రోమన్ మనం వాట్సాప్‌లో కొట్టేది కాదు. ‘చ’కి సీ ఒక్కటే, సీహెచ్ అంటే ‘ఛ’. ‘త’కి టీ ఒక్కటే, టీహెచ్ అంటే ‘థ’. ‘ఈ’కి రెండు ఈలు పెట్టరు, ఐ మీద గీత పెడతారు. అందుకని ‘చీర’ అనే మాటకి సీ, ఐ, ఆర్, ఏ అని కొట్టాలి. మీద గీతలు, కింద చుక్కలు వదిలేసినా చాలా కేటలాగులు సర్దుకుంటాయి. దొరకకపోతే తెలుగు లిపిలో కూడా ఒకసారి ప్రయత్నించి, భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. దొరికిన పుస్తకాన్ని ఇంటర్‌లైబ్రరీ లోన్ మీదే తెప్పించుకోవచ్చు.

పాత ఇంగ్లీషు పత్రికల్లో మన ఊళ్లు వెతికేటప్పుడు అప్పటి పేర్లు ఇవ్వాలి: బెజవాడకి బెజ్వాడా, కాకినాడకి కోకనాడ, ఏలూరుకి ఎల్లోర్, బందరుకి మసూలిపటం, విశాఖకి వైజాగపటం. పద్దెనిమిదో శతాబ్దపు పుస్తకాల్లో తెలుగుని జెంటూ అన్నారు. 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ వ్యాకరణంలో తెలుగు స్పెల్లింగే వేరు: టీ, ఈ, ఎల్ తర్వాత రెండు ఓలు, జీ, మళ్లీ రెండు ఓలు.

డిగ్రీ అయ్యాక ఈ లాగిన్ త్వరలోనే ఆగిపోతుంది. ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) మొదలవకముందే కావలసిన పీడీఎఫ్‌లని, వ్యాసాలు దాచుకునే సాఫ్ట్‌వేర్ జోటెరోలో సొంత ఈమెయిల్‌తో తెరిచిన అకౌంట్‌లోకి మార్చుకోండి. తర్వాత మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి. అడ్రస్ రుజువుకి లీజు కాగితమో, కరెంటు బిల్లో చాలు, కార్డు నంబరూ పిన్‌తో ఇంటి నుంచే కొన్ని ఎబ్‌స్కో, గేల్, ప్రోక్వెస్ట్ డేటాబేసులు తెరుచుకుంటాయి. చాలా స్టేట్ యూనివర్సిటీల లైబ్రరీలు బయటివాళ్లని లోపలికి వచ్చి అక్కడి కంప్యూటర్లలో డేటాబేసులు చూసుకోనిస్తాయి. వెళ్లే ముందు గెస్ట్ లాగిన్ ఇస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, పీడీఎఫ్‌లు పంపుకోవడానికి ఒక యూఎస్‌బీ పట్టుకెళ్లండి.