టెక్ సందేహాలు: అగ్రిమెంటు రాసిచ్చింది సరే, అడగాల్సింది అడిగిందా?

ఈ వారం ఉత్తరాల్లో ఫోన్ల సంగతి తక్కువ, స్టాంపు పేపర్ల సంగతి ఎక్కువ. నేను లాయర్ని కాను. ఇలాంటి కాగితాలు రాసిచ్చే ఏఐ సాఫ్ట్‌వేర్ ఎక్కడ కాలు జారుతుందో చెబుతాను. సంతకం పెట్టేముందు మాత్రం కాగితం ఒక వకీలు కంట పడాలి.

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర మాకు నాలుగెకరాల రొయ్యల గుంటలు ఉన్నాయి. మూడేళ్లకు లీజుకు ఇస్తున్నాం. చాట్‌జీపీటీ రెండు నిమిషాల్లో తెలుగులో అగ్రిమెంటు రాసిచ్చింది. మా దస్తావేజు రైటరు రాసేదానికంటే నీటుగా ఉంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి సంతకాలు పెట్టుకుంటే చాలా?

జవాబు: చాలదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. చేయించకపోతే రేపు తగాదా వచ్చినప్పుడు ఆ కాగితంలోని లీజు షరతులను కోర్టులో సాక్ష్యంగా చూపడం కుదరదు. మీ డ్రాఫ్టులో '36 నెలలు' అని అంకెల్లో, అక్షరాల్లో రెండు చోట్లా ఉంది. రిజిస్ట్రేషన్ మాట ఎక్కడా లేదు. మీరు అడగలేదు, అది చెప్పలేదు.

అంతకంటే నన్ను కంగారు పెట్టింది ఇంకోటి. నాలుగో షరతులో కరెంటు బిల్లు 'అద్దెదారు' కట్టాలి. ఏడో షరతులో గడువు తీరాక గుంటలు స్వాధీనం చేసుకునేది కూడా 'అద్దెదారే'. అంటే తీసుకున్నవాడే మీ దగ్గర్నుంచి మళ్లీ తీసుకుంటాడన్నమాట! ఇంగ్లీషులో లెస్సర్ (లీజుకిచ్చేవారు), లెస్సీ (తీసుకునేవారు) అని చివర కొద్ది తేడాతో ఉండే మాటల్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ సాఫ్ట్‌వేర్లు ఇలా తడబడతాయి. అందుకే మీరు 1వ పార్టీ, వారు 2వ పార్టీ అని ముందే చెప్పి, కాగితమంతా అవే మాటలు వాడమనండి.

ఇక రైటరు సంగతి. ఆయన టైపింగు అంత నీటుగా ఉండకపోవచ్చు. కానీ కాగితం ముట్టుకోకముందే అడుగుతాడు: నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎవరివి? పాత కరెంటు బకాయి ఉందా? రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి పంట పోతే ఆ విడత లీజు సొమ్ము మాటేమిటి? వానకు కట్ట తెగితే ఎవరు వేయించాలి? గుంట నీళ్లు పక్కవాళ్ల వరిమడిలోకి పోతే? మీ డ్రాఫ్టులో వీటిలో ఒక్కటీ లేదు. దానికి బదులు 'పరస్పర సహకారం' గురించి ఎనిమిది లైన్లు ఉన్నాయి.

కాబట్టి 'అగ్రిమెంటు రాయి' అని మొదలుపెట్టకండి. 'రొయ్యల గుంటల లీజు, నేను యజమానిని. రాసే ముందు నన్ను ఒక్కొక్క ప్రశ్నా అడుగు. నేను చెప్పనిది కల్పించకు, అక్కడ ఖాళీ గీత వదులు' అని చెప్పి చూడండి. అప్పుడు కొన్ని మంచి ప్రశ్నలే అడుగుతుంది. తెల్లమచ్చ సంగతి అప్పటికీ తట్టకపోవచ్చు, అది మీరే చెప్పాలి.

ప్రశ్న: నెల్లూరులో 20 అంకణాల ప్లాటు అమ్ముతున్నాం. పాత దస్తావేజు, ఆధార్ ఫొటోలు ఎక్కించి జెమిని ఏఐతో సేల్ అగ్రిమెంటు రాయించాను. విస్తీర్ణం 80 గజాలని వేసింది. కరెక్టేనా?

జవాబు: సగం ప్లాటు ఎగిరిపోయిందండీ! నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. 20 అంకణాలంటే 160 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. సాఫ్ట్‌వేర్ ఆ లెక్క పట్టుకుంది. మన ఊరి కొలత ఏదైనా సరే, లెక్క కట్టమని దానికి వదిలేయకండి. పాత దస్తావేజు షెడ్యూలులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఎలా ఉన్నాయో అలాగే మీ చేత్తో టైపు చేయండి. భాష బాగుచేస్తానని అది హద్దుల జోలికి వచ్చినా వద్దనండి.

ఆధార్ ఎందుకు ఎక్కించారు? డ్రాఫ్టుకు దాంతో పనే లేదు. పేర్ల చోట 'అ', 'ఆ' అని పెట్టి, ఆఖర్న కంప్యూటర్లో మీరే అసలు పేర్లు నింపుకోవచ్చు. ముందు ఆ చాట్ డిలీట్ చేయండి.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ లారీ కిరాయి కింద ఇచ్చిన చెక్కు బౌన్స్ అయింది. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చి 12 రోజులైంది. ఏఐ రాసిన నోటీసులో ఐపీసీ 420, ఒక సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉన్నాయి. పంపేయనా?

జవాబు: ఆగండి, కానీ ఎక్కువ ఆగకండి. చెక్కు బౌన్స్ అయిందని బ్యాంకు చెప్పిన నాటి నుంచి 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. మీకు ఇంకా 18 రోజులుంది. నోటీసు అందాక అవతలివాళ్లకు 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టుకు వెళ్లాలి. ఇదంతా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నడిచే వ్యవహారం. మీ నోటీసులో ఆ నంబరే లేదు! ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సాఫ్ట్‌వేర్ చదువుకున్న పాత కాగితాల నిండా 420 ఉంది కాబట్టి అదే వల్లిస్తోంది.

ఇక ఆ తీర్పు. పేరు, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ ఉన్నాయి. ఇండియన్ కానూన్ సైట్లో వెతికితే నాకు దొరకలేదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పుల్ని నిజమనుకుని కోర్టులో దాఖలు చేశారు. 5 వేల డాలర్ల జరిమానా పడింది. చదువుకున్న లాయర్లకే అలా జరిగితే లారీ నడుపుకునే మనమెంత? తీర్పు లైను కొట్టేయండి. నోటీసుకు తీర్పులు అక్కర్లేదు. చెక్కు నంబరు, తేదీ, మొత్తం, ఎందుకిచ్చారో, ఎప్పుడు తిరిగొచ్చిందో ఉండాలి. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ పెట్టించి పంపి రసీదు దాచుకోండి.

ప్రశ్న: కనిగిరిలో డీటీపీ సెంటర్‌కు తీసుకెళ్తే ఏఐ రాసిన తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా వస్తోంది. టైపు చేసినందుకు మళ్లీ డబ్బులు అడుగుతున్నారు.

జవాబు: వాళ్ల దగ్గర పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉండి ఉంటాయి. మీ ఫోన్లోది యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు వాడే పద్ధతి. రెండింటికీ పొసగదు. గూగుల్ డాక్స్‌లో పేస్ట్ చేసి, లీగల్ సైజు పెట్టి, పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. ఏ కంప్యూటర్లోనైనా అలాగే వస్తుంది. స్టాంపు పేపరు పైన ముద్ర ఉంటుంది కాబట్టి మొదటి పేజీలో పై సగం ఖాళీ వదలండి. ముందు తెల్లకాగితం మీద ఒకటి తీసి, దాన్ని స్టాంపు పేపరుకు ఆనించి, వెలుతురులో పెట్టి చూసుకోండి.