ట్రైలర్ ఊగుతుంటే ముందు లోడు చూసుకోండి, టైర్లు తర్వాత

బొలేరో పికప్ వెనక రెండు చక్రాల ట్రైలర్ మీద జనరేటర్ పెట్టుకుని విజయవాడ నుంచి గుంటూరు పెళ్ళిళ్ళకు వెళ్తున్నాను, 60 దాటగానే ట్రైలర్ ఊగుతోంది, టైర్లు మార్చాలా అని అడిగారు. గాలి చూసుకోండి చాలు, ఇప్పుడే మార్చకండి. ముందు సామాను జరపండి.

మాదీ షామియానా, జనరేటర్ల పనే. ఒకసారి మంగళగిరి దాటాక, కాజ టోల్‌గేట్ ఇంకా రాలేదు, పక్కనుంచి బస్సు ఒకటి విసురుగా దాటింది. ఆ గాలికి మా ట్రైలర్ ఒక్కసారి అటూ ఇటూ కొట్టుకుంది. స్టీరింగ్ మీదున్న మా బావమరిది భయపడి బ్రేక్ తొక్కాడు, అంతే, ట్రైలర్ పక్క లైన్లోకి విసిరినట్టు వెళ్ళిపోయింది. వెనక ఇంకో బండి లేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. ఊగినప్పుడు బ్రేక్ తొక్కకూడదు, స్టీరింగ్‌ను ఎదురు తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే స్పీడు తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది.

అసలు తప్పు ఇంటి దగ్గరే జరిగింది. దించుకోవడానికి వీలుగా ఉంటుందని డీజిల్ క్యాన్లు, కేబుల్ చుట్టలు అన్నీ వెనక చివర పడేశాం. మర్నాడు ఆటోనగర్ వేబ్రిడ్జి మీద ట్రైలర్‌ను విడిగా తూస్తే 900 కిలోలు వచ్చింది. తర్వాత బస్తాలు తూచే కాటా మీద చెక్క దిమ్మె పెట్టి, పికప్ వెనక ట్రైలర్ తగిలించే హుక్కు ఎత్తుకి సరిచేసి, ట్రైలర్ ముందు కొసను దాని మీద ఆనించాం. దిమ్మె బరువు తీసేస్తే 40 కిలోలే! మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, అంటే మాకు 90 నుంచి 135 కిలోలు హుక్కు మీద పడాలి. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ బిగుసుకుంటుంది, ఇక్కడా అంతే. క్యాన్లు ఇరుసుకి ముందుకి జరిపి తాళ్ళతో బిగించాక మళ్ళీ ఊగలేదు. అలాగని అంతా ముందే వేస్తే పికప్ వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

హుక్కు పిన్నుకి క్లిప్ ఉందా లేదా ప్రతిసారీ కళ్ళతో చూడండి. గొలుసులు రెండు ఉండాలి, ముందు కొస కింద ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా తగిలిస్తే, పిన్ను ఊడినా కొస రోడ్డుకి గుచ్చుకోకుండా గొలుసుల మీద ఆగుతుంది. మలుపుకి సరిపడా వదులు ఉండాలి కానీ రోడ్డుకి రాసుకోకూడదు.

మన ట్రైలర్లకు బ్రేకులుండవు కదా, ఆ 900 కిలోల్నీ పికప్ బ్రేకులే ఆపాలి, కాబట్టి ముందు బండికి రెట్టింపు దూరం ఉంచండి. పెళ్ళి అయ్యాక తెల్లవారుజామున మంచులో తిరిగొచ్చేటప్పుడు వెనక లైట్లు, ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు లేకపోతే లారీవాడికి మీరు కనిపించరు. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

రివర్స్‌కి చెయ్యి స్టీరింగ్ కింది భాగంలో పెట్టి, ట్రైలర్ ఎటు వెళ్ళాలో చేతిని అటే జరపండి. ఫంక్షన్ హాల్ గేటులో అప్పటికీ కుదరకపోతే, నేల చదునుగా ఉంటే, హుక్కు విప్పి నలుగురు కలిసి తోసేయండి. మేం ఇప్పటికీ అదే చేస్తాం.