కొట్టలేదు సరే, బాబు ఎన్నాళ్లుగా మీ దగ్గర లేడు?

ప్రశ్న: నా వయసు 36. పెళ్లై పద్నాలుగేళ్లు. విశాఖపట్నంలో కాపురం. బాబుకి 12, పాపకి 8 ఏళ్లు. మావారు నా మీద ఒక్కసారి కూడా చెయ్యి చేసుకోలేదు. అందుకే ఎవరికి చెప్పుకున్నా ‘కొట్టాడా, తాగుతాడా’ అని అడిగి, లేదంటే సర్దుకుపొమ్మంటారు. ఆయనకి కోపం వస్తే ఇరవై రోజులైనా నాతో మాట్లాడరు. నేను ఎదురుగా ఉండగానే ‘కూరలో ఉప్పు లేదని మీ అమ్మకి చెప్పు’ అని బాబుతో చెప్పిస్తారు. పిల్లల ముందు నన్ను ‘పిచ్చిది’ అంటారు, బాబు చేత కూడా అనిపించి నవ్వుతారు. నా జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉండేది. సాయంత్రం స్కూటర్ చప్పుడు వినగానే పాప పెన్సిల్ బాక్సు మూసేసి గోడకి ఆనుకుని కూర్చునేది. 15 నెలల క్రితం భరించలేక పాపని తీసుకుని గుంటూరు జిల్లాలో మా అమ్మగారింటికి వచ్చేశాను. బాబు రానన్నాడు. పెద్దమనుషులు కూర్చుని, బాబు తండ్రి దగ్గర, పాప నా దగ్గర ఉండేట్టు కాగితం రాయించారు. సంతకం పెట్టాను, కాపీ తీసుకోలేదు. ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు వినలేక డిలీట్ చేశాను. కొన్ని మా అక్కకి పంపాను. ఇప్పుడు పాప రాత్రిళ్లు పక్క తడుపుతోంది. బాబు ఆదివారం వీడియో కాల్‌లో తలెత్తి చూడడు. పోయిన వారం ‘నువ్వు పిచ్చిదానివని డాక్టర్ చెప్పాడటగా’ అన్నాడు. మా బంధువు ఒకాయన ‘నాన్న తప్పుగా తాకాడని పాప చేత ఒక్క మాట చెప్పించు, పోక్సో కేసు పడితే బాబుని తెచ్చి అప్పజెప్తారు’ అంటున్నారు. నేను పడ్డదానికి చట్టంలో పేరైనా ఉందా? – ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: ఉందమ్మా. 2005 నాటి గృహ హింస చట్టం మూడో సెక్షన్‌లో శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా పెట్టే హింస, ఆర్థిక హింస కూడా ఉన్నాయి. అవమానించడం, ఎగతాళి చేయడం, కించపరిచే పేర్లతో పిలవడం అని చట్టంలోనే రాసి ఉంది. మీ సంపాదన మీ చేతికి అందకుండా చేయడం ఆర్థిక హింస కిందికి వస్తుంది. కొట్టి ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. మీరు అడిగినదానికి జవాబు ఇంతే.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. మీ ఉత్తరమంతా పద్నాలుగేళ్ల కాపురం గురించి. మీ కేసు తేలేది మాత్రం 15 నెలల లెక్క మీద. బాబు 15 నెలలుగా తండ్రి దగ్గర ఉన్నాడు, ఈ 15 నెలల్లో వాడి కోసం మీరు ఏ కోర్టులోనూ ఒక్క కాగితం వేయలేదు.

పిల్లల కస్టడీ కోసం ఫలానా తేదీలోగా రావాలని ఏ చట్టమూ చెప్పదు. మీలాంటివాళ్లు మోసపోయేది అక్కడే. గడువు లేదు కదా అని ఆగుతారు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956, 13వ సెక్షన్ ప్రకారం పిల్లల సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం. సంక్షేమం అనగానే కోర్టు మొదట చూసేది, పిల్లవాడు ఇప్పుడు ఎక్కడ కుదురుకున్నాడు, ఏ బడిలో చదువుతున్నాడు, కదిపితే ఏమవుతాడు అని. అదీగాక 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఆలోచించి చెప్పగల వయసు వచ్చిన పిల్లల ఇష్టాన్ని కూడా కోర్టు పరిగణించవచ్చు. పన్నెండేళ్లవాడిని జడ్జి ఛాంబర్‌లోకి పిలిచి అడుగుతారు. ఇవాళ అడిగితే మీవాడు ఏమంటాడో మీకు తెలుసు. ఇంకో ఏడాది ఆగితే అదే మాట ఇంకా గట్టిగా అంటాడు.

వాడు మీతో రాననడాన్ని మీరు ప్రేమ లేకపోవడం అనుకుంటున్నారు. నేను డాక్టర్ని కాను, కానీ ఫ్యామిలీ కోర్టు వరండాలో ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. ఇంట్లో ఒకరు ఎప్పుడూ మాటలు పడుతూ ఉంటే, ఆ మాటలు తన మీదికి రాకుండా ఉండాలంటే అనేవాళ్ల పక్కన నిలబడాలని పిల్లలకి చిన్నప్పుడే అర్థమైపోతుంది. కబుర్లు మోయించి, ‘పిచ్చిది’ అని అనిపించి, అన్నందుకు నవ్వితే వాడు నేర్చుకునేది అదే. అది వాడి మీద జరిగిన హింస. మీ మీద జరిగినదాంట్లో ఒక భాగంగా చూస్తే కోర్టుకి సరిగా చెప్పలేరు, విడిగా చెప్పాలి. పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవాళ్లు వాళ్లకి అనవసరమైన మానసిక బాధ కలిగేలా హింసిస్తే బాలల న్యాయ చట్టం 2015, 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఈ సెక్షన్ ఉందని తెలుసుకోండి, మొదటి అడుగుగా మాత్రం దీన్ని పట్టుకోవద్దు.

పిల్లల మనసు విరిచేయడం గురించి సుప్రీంకోర్టు 2017లో వివేక్ సింగ్, రోమానీ సింగ్ కేసులో వివరంగా చర్చించి, తండ్రి దగ్గర పెరుగుతున్న కూతురిని తల్లికి అప్పగించింది. అది విని సంబరపడకండి. 2024లో అదే సుప్రీంకోర్టు, ఇంకో కస్టడీ కేసులో, తొందరపడి తల్లిదండ్రుల మీద ఈ ముద్ర వేయకూడదు, పిల్లల మనసు విరిచిన ఘటనలు ఏవేవో విడివిడిగా చూపించాలి అంది. అంటే ‘మావాడి మనసు విరిచేశారు’ అంటే సరిపోదు. ఏ ఆదివారం, ఏ మాట, ఎవరు విన్నారు అన్నది కావాలి.

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. బతికున్న సాక్ష్యాన్ని మీ చేత్తో మీరే చెరిపేశారు. వినలేకపోతే వినకండి, ఫోన్ తీసి బీరువాలో పెట్టండి, డిలీట్ ఎందుకు చేశారు? కొడుకు ఎక్కడ ఉండాలో రాసిన కాగితం మీద సంతకం పెట్టి కాపీ కూడా తీసుకోలేదు. ఊళ్లో పొలం గట్టు తగాదా కాగితానికైనా రెండు కాపీలు రాయించుకుంటారు కదమ్మా. ఆ కాగితం కోర్టుని కట్టిపడేయదు, తల్లిదండ్రులు రాసుకున్నా పెద్దమనుషులు రాయించినా పిల్లల సంక్షేమాన్ని తేల్చేది కోర్టే. కానీ మీరు ఇష్టపూర్వకంగానే బాబుని వదిలారని చూపించడానికి అవతలివాళ్లకి అది పనికొస్తుంది. ఆ రోజు ఎవరెవరు కూర్చున్నారు, ఎవరు రాశారు, మీరు అప్పుడు ఏ పరిస్థితిలో ఉన్నారు, ఇవన్నీ గుర్తున్నంత వరకు ఇవాళే రాసి తేదీ వేయండి. కూర్చున్నవాళ్లలో ఒకరి దగ్గరైనా జిరాక్స్ ఉంటుంది, అడగండి.

మీ అక్కగారి ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లు ఇప్పుడు బంగారం. ఆ ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇవ్వొద్దని, రీసెట్ చేయొద్దని ఆవిడకి ఈ రోజే చెప్పండి. చాట్‌ని బ్యాకప్ చేసి, ముక్కలు కత్తిరించకుండా మొత్తం ఉంచండి. ఫోన్‌లో ఉన్నది కోర్టుకి కాపీగా ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, ఇది పాత చట్టంలోని 65-బి. ఆ ఫోన్ మీ అక్కగారిది కాబట్టి ఆవిడ సంతకం కావాలి, నిపుణుడు నింపాల్సిన భాగం కూడా ఒకటి ఉంది. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన కాల్‌ని కూడా వైవాహిక కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. ఇకమీదట ఆయన ఫోన్ చేస్తే రికార్డు చేయండి. ఆ పని పిల్లల చేత మాత్రం చేయించకండి. రికార్డు నొక్కిన చెయ్యి ఎవరిదో క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడుతుంది. పిల్లల్ని గూఢచారుల్లా వాడుకున్న తల్లి అన్న మాట ఒకసారి పడితే పోదు.

జీతం విషయంలో మీకు బ్యాంకే సాక్షి. ఉద్యోగం చేసిన కాలానికి స్టేట్‌మెంట్ తీయించండి. మీరు పనిలో ఉన్న సమయంలో ఎక్కడో ఏటీఎంలో డబ్బు డ్రా అయిందంటే, కార్డు ఎవరి దగ్గర ఉందో వాదించాల్సిన పని తగ్గుతుంది. అలాగే బాబు పాత ప్రోగ్రెస్ కార్డులు, టీచర్ రాసిన డైరీ పేజీలు ఉంటే తీసి పెట్టండి.

పాప సంగతి. స్కూటర్ చప్పుడుకి పెన్సిల్ బాక్సు మూసేదని మీరు రాసిన వాక్యం మీ ఉత్తరం మొత్తంలో బలమైనది. దురదృష్టం ఏమిటంటే అది మీ ఉత్తరంలో తప్ప ఎక్కడా లేదు. పాపని ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి, పక్క తడపడానికి ఇన్‌ఫెక్షన్ లాంటి కారణాలు కూడా ఉంటాయి. తర్వాత ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లండి. లోపలికి వెళ్లేముందు ఏం చెప్పాలో పాపకి నేర్పకండి. డాక్టర్ అడిగి, పాప చెప్పి, ఓపీ చీటీ మీద రాసిందే సాక్ష్యం. ఒక ప్రశ్నకి మాత్రం మీరు సిద్ధంగా ఉండాలి: పక్క తడపడం ఎప్పుడు మొదలైంది? మీ ఉత్తరంలో ‘ఇప్పుడు’ అని ఉంది. మీరు ఇల్లు వదిలాకే మొదలైతే ‘నా దగ్గర బాగానే ఉంది, తల్లి తీసుకెళ్లాక పాడైంది’ అని ఆయన లాయరు తప్పకుండా అంటాడు. నిజం ఏదైతే అదే డాక్టర్‌కి చెప్పండి.

‘డాక్టర్ చెప్పాడట’ అని బాబు అన్నాడు కదా, మీరు ఎప్పుడైనా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లారా? రాయలేదు. వెళ్లి ఉంటే మీ లాయరు దగ్గర దాచకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం, జబ్బు ఉన్నంత మాత్రాన కోర్టు తేల్చకుండా ఎవరినీ మతిస్థిమితం లేనివారనకూడదు. నిద్ర పట్టక మందులు వాడారని ఎవరూ తల్లిగా పనికిరాకుండా పోరు. దాచి, తర్వాత బయటపడితేనే నష్టం.

ఇక మీ బంధువు ఇచ్చిన సలహా. గట్టిగా చెప్తున్నాను, ఆ మాట పాప చెవిన కూడా పడనివ్వద్దు. జరగని దాన్ని జరిగిందని పెడితే, ఎనిమిదేళ్ల పిల్ల పోలీసుల ముందు, మేజిస్ట్రేట్ ముందు ఆ అబద్ధాన్ని చెప్పాలి, వైద్య పరీక్ష అంటారు, తర్వాత కోర్టులో మళ్లీ చెప్పాలి. మీ భర్త పిల్లాడి నోట ‘పిచ్చిది’ అనిపించిన పనికీ దీనికీ తేడా ఏముంది చెప్పండి? చట్టం సంగతీ వినండి. పరువు తీయాలనో బెదిరించాలనో లైంగిక నేరం అంటగడుతూ అబద్ధపు ఫిర్యాదు ఇస్తే పోక్సో చట్టం 22వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు, ఆ శిక్ష పాపకి కాదు, పెద్దవాళ్లకి. ఒక్క అబద్ధం తేలితే మీరు చెప్పే పద్నాలుగేళ్ల నిజాన్ని ఎవరూ నమ్మరు. బాబే కాదు, పాప కూడా మీ చేతుల్లోంచి పోవచ్చు. ఒకవేళ పాప తనంతట తాను అలాంటిదేదైనా చెబితే అది వేరే సంగతి. అప్పుడు క్షణం ఆగకుండా చైల్డ్‌లైన్ 1098కి గానీ పోలీసులకి గానీ చెప్పాలి, చెప్పకపోవడమే నేరం. బాబుని స్కూల్ గేటు దగ్గర నుంచి ఎత్తుకొచ్చే ఆలోచన ఏదైనా ఉంటే అదీ మానుకోండి.

గడువుల గురించి మీకు ఎవరో ‘ఏడాది దాటింది, కేసు పోయింది’ అనవచ్చు. గృహ హింస చట్టం 12వ సెక్షన్ దరఖాస్తుకి ఏడాది గడువు వర్తించదని కామాక్షి కేసులో సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఆ ఏడాది లెక్క, కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వుని ధిక్కరించిన నేరానికి సంబంధించింది. భర్త, అత్తింటివాళ్లు పెట్టే క్రూరత్వానికి శిక్ష వేసే పాత 498-ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వేరు, దానికి మూడేళ్ల గడువు ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రమాదం తెచ్చే ప్రవర్తన కూడా అందులో క్రూరత్వమే. మీకింకా సుమారు 21 నెలలు ఉంది. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. కానీ ముందు ఆ కేసు పెట్టమని నేను చెప్పను. బాబు ఆ ఇంట్లో ఉన్నాడు, ‘మీ అమ్మ పోలీసుల్ని పంపింది’ అన్న ఒక్క మాటతో వాడు మీకు ఇంకా దూరమవుతాడు.

చేయాల్సింది ఇది. మీరు ఇప్పుడు ఉంటున్న చోటే మేజిస్ట్రేట్ కోర్టులో గృహ హింస దరఖాస్తు వేయవచ్చు, విశాఖ వెళ్లక్కర్లేదు, 27వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. అందులో రక్షణ ఉత్తర్వు, ఖర్చులు, మానసిక వేదనకి పరిహారం, పాప తాత్కాలిక కస్టడీ అడగండి. 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది కాబట్టి 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు మొదటి రోజే అడగండి. జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖలో రక్షణ అధికారి ఉంటారు, ఆయన నివేదిక లేకపోయినా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వవచ్చు.

బాబు కోసం పిటిషన్ మాత్రం వాడు ఉంటున్న చోట, అంటే విశాఖ ఫ్యామిలీ కోర్టులోనే వేయాలి. అది ఈ నెలలోనే పడాలి. అందులో మొదటే ‘బాబుని నాకు అప్పగించండి’ అని పట్టుబడితే వాడి నోటితో కాదనిపిస్తారు. నెలకి రెండు శనాదివారాలు, సంక్రాంతి, వేసవి సెలవుల్లో సగం మీ దగ్గర, తండ్రి లేని చోట రోజూ ఫోన్, కోర్టు నియమించిన పిల్లల సైకాలజిస్టుతో మాట్లాడించడం, ఇవి మధ్యంతరంగా అడగండి. కస్టడీ ప్రధాన పిటిషన్‌లో ఉంటుంది, వాడు మళ్లీ మీకు అలవాటు పడ్డాక దానికి బలం వస్తుంది. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. మహిళలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి.

ఈలోగా బాబు స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లండి, రైలు ఖర్చైనా సరే, వెళ్లి హాజరు పుస్తకంలో సంతకం పెట్టండి. వాడి పేరు మీద ఉత్తరాలు స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదులు దాచండి. ఆదివారం కాల్ ఎన్ని నిమిషాలు సాగింది, ఏం మాట్లాడాడు అన్నది ఒక నోట్‌బుక్‌లో ఆ రాత్రే రాయండి. వాడు ‘పిచ్చిదానివి’ అన్నా వాదించకండి, ఎవరు చెప్పారని నిలదీయకండి. లెక్కల పరీక్ష ఎలా రాశాడో, సాయంత్రం ఎవరితో ఆడుకుంటున్నాడో అడగండి. కోర్టు మాట, నాన్న మాట వాడి దగ్గర ఎత్తకండి.