బెడ్‌సైడ్ క్లాసు మొదలుపెట్టే ముందు

అమ్మాయ్,

నెల్లూరులో మెడిసిన్ పిల్లలకు క్లినిక్స్ (రోగి మంచం దగ్గరే చెప్పే పాఠాలు) చెప్పబోతూ, వివక్ష మీద గంట లెక్చరు పెట్టమంటారా అని అడిగావు. పెట్టు, సిలబస్‌లో ఎలాగూ ఉంది. దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. అసలు పని కేస్ షీట్ దగ్గర, అంటే రోగి వివరాలు రాసే కాగితం దగ్గరుంది.

"45 ఏళ్ల యానాది స్త్రీ, పూర్ హిస్టారియన్, మందులు సరిగా వాడదు" అని రాసుకొస్తారు. పూర్ హిస్టారియన్ అంటే తన జబ్బు సంగతి సరిగా చెప్పలేని మనిషి అని. అది చదివిన నైట్ డ్యూటీ డాక్టరు ఆమె మొహం చూడకముందే ఓ అంచనాకు వచ్చేస్తాడు. కులం కొట్టేయించి, పని రాయించు: రొయ్యల గుంటలో నీళ్లలో నిలబడుతుందా, ఇటుక బట్టీలో ఉంటుందా? జ్వరానికైనా దగ్గుకైనా దారి చూపేది అదే. "వాడదు" అనేదీ వద్దు. "15 రోజులకిచ్చారు, 9 రోజులు వేసుకుంది, కోతలకు వలస పోయింది, అక్కడ దొరకలేదు" అని రాస్తే, ఈసారి నెలకు సరిపడా ఇవ్వాలని రాసినవాడికే తడుతుంది.

పూర్ హిస్టారియన్ అన్నచోట చాలాసార్లు తప్పు అడిగినవాడిదే. "ఎన్ని రోజులైంది?" అంటే తెల్లమొహం వేసే మనిషి, "రొట్టెల పండగకు ముందా, తర్వాతా?" అంటే టక్కున చెబుతుంది. అడిగేది ఆమెనే, పక్కన నిలబడ్డ మొగుణ్ణి కాదు. ఆడమనిషి "గ్యాస్ పట్టేసింది, ఆయాసంగా ఉంది" అంటే గాభరా అని తోసెయ్యకుండా, గుండెపోటేమోనని పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి.

కనిగిరి, పొదిలి వైపు నుంచి నడుము పట్టేసిందని వచ్చేవాళ్లను పనిదొంగలనుకోవద్దని చెప్పు. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోమను, గడ్డం ఛాతీకి ఆనించమను, చేతులు తల వెనక పెట్టమను. కుదరకపోతే ఏ బోరు నీళ్లు తాగుతున్నారో అడగాలి. అది ఫ్లోరోసిస్ కావచ్చు, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు.

పాఠ్యపుస్తకాల బొమ్మలు ఎక్కువగా తెల్లతోలువి. మన నల్లటి కాలి మీద సెల్యులైటిస్ (చర్మం లోపలి ఇన్ఫెక్షన్) ఎర్రగా కనిపించదు, ముదురు ఊదాగా ఉంటుంది. చేతి వెనక భాగంతో వేడి చూసి రెండో కాలితో పోల్చాలి. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటరునూ గుడ్డిగా నమ్మకూడదు. 2020లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, అది 92-96 చూపిస్తుండగానే ధమని రక్తంలో అసలు ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువున్నవి నల్లవారి రీడింగుల్లో 100కు దాదాపు 12, తెల్లవారివాటిలో 4. ఆ అంకెలు మనకు అతికించకు గానీ, ఆయాసపడే మనిషికి 93 చూపిస్తే ఏబీజీ (ధమని రక్తం తీసి చేసే పరీక్ష) తీయించు.

ఇక వైవా, అంటే నోటి పరీక్ష. "నీట్ ర్యాంకెంత?" అని ఎవర్నీ అడగనివ్వకు. కులం అడగడానికి అదో దొడ్డిదారి. తెలుగు మీడియం పిల్లాడి ఇంగ్లీషు తడబడితే జవాబు తెలుగులో చెప్పనీ. ఎగ్జామినర్లిద్దరూ మార్కులు విడివిడిగా వేశాకే మాట్లాడుకోవాలి.

నెలాఖరున ఓ పది కేస్ షీట్లు తీసి, మొదటి వాక్యాలు మాత్రం పిల్లలతో చదివించు. నువ్వు రాసినవి కూడా కలుపు.